పాలు మాన్పించిన రోజు

డాక్టరమ్మ ఒక్క మాట అంటే చాలు, రుక్మాబాయి గట్టెక్కినట్టే. బిడ్డకు ఇక చనుబాలు అక్కర్లేదు అనాలి. అంతే.

దబీర్‌పురా పిల్లల దవాఖానాలో, బిడ్డను ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. పొద్దుటి నుంచీ ఆమె మొక్కని దేవుడు లేడు. నెలనెలా బరువు తూయించడానికి వచ్చే చోటే. పదకొండు నెలల్లో ఒక్క నెల తప్పలేదు. కానీ ఇవాళ్టి రాక వేరు. భర్త విశ్వేశ్వర్‌కు నాందేడు బదిలీ అయింది. సామాను నిన్ననే రైలెక్కింది. మనుషులు ఎక్కడమే తరువాయి. నీలమ్మను వెంట తీసుకుపోవడం మాత్రం కుదరని పని.

నీలమ్మ జహనుమాలో రుక్మాబాయి వాళ్ల ఇంటి వెనక గదిలో ఉంటుంది. రుక్మాబాయికి పాలు లేవు. యుద్ధం వచ్చాక పాలడబ్బాలూ దొరకడం లేదు. బిడ్డ తాగేవి నీలమ్మ పాలే. అందుకే దవాఖానాకూ వెంట రాక తప్పదు. ఇప్పుడూ వచ్చి గోడవారగా నిలబడింది. అయ్యగారొక్కరే నాందేడు పోతున్నారనే ఆమెకు చెప్పారు. అసలు సంగతి చెబితే లొల్లి అవుతుందని రుక్మాబాయికి తెలుసు.

నీలమ్మ కొంగు పట్టుకుని మూడేళ్ల కొడుకు కొండల్. వాడొక పిడుగు. వచ్చీ రాగానే తూకపు రాయి కాలి మీద వేసుకున్నాడు. ఎవరి పిల్లదో గిలక్కాయ లాక్కుని ఏడిపించాడు. నీలమ్మ వాణ్ణి పట్టుకోలేక అలసిపోతోంది. వాణ్ణి తిట్టినా ప్రేమగానే తిడుతుంది.

చంటిదాని దగ్గర మాత్రం ఆమె మనిషే వేరు. పాలు పట్టేటప్పుడు కూడా దాని ముఖం చూడదు. గోడకేసి చూస్తుంది. ‘దీనికి ఆకలైనట్టుంది’ అంటుందే తప్ప ఒక్కనాడు ముద్దుగా పిలిచిన పాపాన పోలేదు. ఇదేం రాతిగుండె మనిషమ్మా అని చూసినవాళ్లు ముక్కున వేలేసుకునేవారు. లాలపోయడం, జోకొట్టడం అన్నీ రుక్మాబాయే. సరోజ అని పేరు పెట్టిందీ ఆమే. అది నవ్వితే రుక్మాబాయికి లోకం కనపడదు. దగ్గితే పై ప్రాణాలు పైకే పోతాయి.

పిలుపు వచ్చింది. డాక్టరమ్మ విమలాదేవి బిడ్డను కాంటాలో పడుకోబెట్టింది. పద్దెనిమిది పౌండ్లు. చీటీలో రాసుకుంది. నోరు తెరిపించి పళ్లు చూసింది. కడుపు నొక్కింది. బిడ్డ కిలకిలా నవ్వింది.

“గట్టి పిండం. అన్నం మెత్తగా పిసికి పెట్టండి. బర్రెపాలు కాచి పట్టండి. ఇక చనుబాలు మాన్పించినా నష్టం లేదు.”

రుక్మాబాయి గుండెల మీది బండ దిగింది. ఆ సంతోషంలో నోరు నిలవలేదు. మధ్యాహ్నం రైలుకే తామూ నాందేడు పోతున్నామని, ఇక అక్కడే ఉంటామని చెప్పేసింది.

గోడ దగ్గరి నుంచి నీలమ్మ ముందుకు వచ్చింది.

“డాక్టరమ్మా, గా బిడ్డ నాది. నేను కన్న.”

డాక్టరమ్మ కలం ఆగిపోయింది. రుక్మాబాయి అరవలేదు, ఏడవలేదు. మెల్లగా అంది.

“గా మాట నీ నోట్లెకెల్లి రావచ్చునా నీలమ్మా? బిడ్డకేమన్న అయితే?”

నీలమ్మ చటుక్కున కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తరువాత ఎంత అడిగినా పెదవి విప్పలేదు. కళ్లు మాత్రం ధారలు కట్టాయి.

డాక్టరమ్మ చీటీ తిరగేసింది. తల్లి పేరు రుక్మాబాయి. బిడ్డ పుట్టిన పన్నెండో రోజున రాసిన చీటీ అది. ఆ రోజు తల్లి పేరు అడిగితే, రుక్మాబాయి కన్నా ముందు ఈ నీలమ్మే చెప్పి రాయించింది. డాక్టరమ్మకు బాగా గుర్తుంది.

అయినా న్యాయం తెలిసిన మనిషి. పసివాళ్లకు అబద్ధం చేతకాదనుకుంది. కొండల్‌ను ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టి, ఈ పాప మీ చెల్లెలేనా అని అడిగింది.

కొండల్ తల అడ్డంగా ఊపాడు. “మా చెల్లె గాదు. రుక్మమ్మ బిడ్డ. మా అమ్మనే చెప్పింది.”

నీలమ్మ ఉన్నచోటే కూలబడింది. డాక్టరమ్మ ఆయాను పిలిచి ఆమెను బయట నీడన కూర్చోబెట్టమంది. పాలిచ్చి పెంచినవాళ్లకు ఒక్కోసారి ఇలాంటి భ్రమ పుడుతుందని, ఎంత తొందరగా దూరం చేస్తే ఇద్దరికీ అంత మేలని రుక్మాబాయికి నచ్చజెప్పింది. రుక్మాబాయి దణ్ణం పెట్టి, వెనక తలుపు గుండా బయటపడింది.

టాంగావాడిని తిన్నగా స్టేషనుకు పొమ్మంది. బిడ్డ ఆమె భుజం మీద నుంచి వెనక్కి చూస్తూ చేతులాడిస్తోంది. రుక్మాబాయి దాన్ని గుండెలకు అదుముకుని కొంగు కప్పింది.

కొండల్‌కు ముందు ముగ్గురిని మట్టిలో పెట్టిన నీలమ్మ, దీన్నైనా చావు కంటపడకుండా దాచుకోవాలని, ఏడాది నిండేదాకా ‘నా బిడ్డ’ అనకుండా ఉండి మళ్లీ కొనుక్కునే ఆచారం పట్టుకుని, పదకొండు నెలల కింద పురిటి మంచం మీదనే, పిల్లల్లేని రుక్మాబాయికి తన కన్నకూతుర్ని చేటెడు తవుడుకు ఉత్తుత్తిగా అమ్మింది.