రెండో లైను

ధనుశ్రీకి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. బిడ్డకు ఫిట్స్ వచ్చినప్పుడు తన ఫోను మోగకపోవడం.

రెండేళ్ల పాప. జ్వరం ఎక్కితే చాలు, కళ్లు తేలేసి కొయ్యలా బిగుసుకుపోతుంది. ఆ పాపను అత్త నాగక్క దగ్గర వదిలి, ఊరి పక్కనే ఉన్న సోలార్ ఆఫీసులో ఊడ్చి టీ పెట్టే పనికి పోతుంది ధనుశ్రీ.

ఆ రేకుల ఆఫీసులోనే కాదు, గేటు దగ్గర కూడా మామూలు సిగ్నల్ రాదు. ఆఫీసు నెట్ ఉంటేనే అత్త చేసే వాట్సాప్ కాల్ మోగుతుంది.

ఆ నెట్ మధ్యాహ్నమైతే చచ్చిపోతుంది.

నెట్ డబ్బా గేటు దగ్గర, వాచ్‌మన్ గది కిటికీలో ఉండేది. బాగున్నంతసేపు పచ్చలైటు. పోతే ఎర్రలైటు. వాచ్‌మన్ శ్రీనివాస దాని వైరు పీకి, మళ్లీ పెట్టి, నెత్తిన రెండు తట్టేవాడు. ఒక్కోసారి వచ్చేది, ఒక్కోసారి రాదు.

ఒకరోజు ఆ గది నీడలో ఒక ముసలామె కూర్చుని ఉంది. కంచె వెంబడి ఆమె గొర్రెలు.

"ఏంది తల్లీ, ఆ డబ్బాను చూసి అట్ల బిత్తరపోతాండావు?"

"లైటు ఎర్రగా అయిందవ్వా. అది ఎర్రగైతే నా బిడ్డకు ఏమైతాదో అని భయం. ఫిట్స్ బిడ్డ."

ముసలామె ఆ లైటు వైపు చాలాసేపు చూసింది.

"మీ ఇల్లు యాడ?"

"బలసముద్రంలోనే. నీలం ట్యాంకు పక్కది."

ఆమె పేరు ముత్తక్క. ఏ ఊరో ఎవరూ అడగలేదు.

అప్పటినుంచి నెట్ పోయిన ప్రతిసారీ, కొంతసేపటికి ముత్తక్క గేటు దగ్గరికి వచ్చేది.

"రోంత నీళ్లియ్యి తల్లీ."

"సరిగ్గా నెట్ పోయినప్పుడే దప్పికైతాది ఈయమ్మకు," అనేవాడు శ్రీనివాస. "ఏమవ్వా, నువ్వు కూడా వైఫైతోనే నడుస్తాండావా?"

ముత్తక్క నవ్వేది. రెండు గుక్కలు తాగి, చెంబు తిరిగిచ్చి అనేది.

"దిగులు పెట్టుకోవద్దు. పాప బొరుగులు తింటా కూచోనుంటాదిలే."

ఉన్న దిగులు చాలదని మధ్యలో ఈమెకు నీళ్లొకటి, అని ధనుశ్రీకి చిరాకు. పెద్దామె ఊరడింపుకు ఏదో అంటోందిలే అనుకునేది.

ఒకరోజు ఎర్రలైటు వెలిగాక ముత్తక్క నీళ్లు అడగలేదు. రొప్పుతూ వచ్చింది.

"ఇంటికి పో తల్లీ. పాపకు ఒళ్లు కాలతాండాది. మీ అత్త తడిబట్ట వేస్తాండాది. పో."

ధనుశ్రీ చీపురు పడేసి పరిగెత్తింది. పాపను ఎత్తుకుని ఎక్కిన ఆటో పావగడ ఆసుపత్రి ముందు ఆగేసరికి పాప బిగుసుకోవడం మొదలైంది. డాక్టరు చేతుల్లోనే ఫిట్స్ వచ్చింది, ఆయన చేతుల్లోనే తగ్గింది.

"టైముకు తెచ్చినావమ్మా," అన్నాడాయన.

కాల్ కలవక అత్త ముత్తక్కను పంపి ఉంటుంది అనుకుంది ధనుశ్రీ.

ఆ వారమే మేనేజరు, నెట్ బాగుచేసే చందన్‌ను తుమకూరు నుంచి పిలిపించాడు.

చందన్ డబ్బాను తిప్పి చూశాడు. గాలాడే సందులన్నీ గంధంతో, కుంకుమతో పూడిపోయి ఉన్నాయి.

"ఎవురు చేసిందిది?"

"ఆయుధ పూజకు నేనే సార్," అన్నాడు శ్రీనివాస. "మాటిమాటికీ చెడిపోతాండాదని దీనికి రోంత ఎక్కువే పెట్టినా."

"దేవునికైతే పెట్టొచ్చప్పా. దీనికి ఊపిరాడల్ల కదా. పైన ఈ పడమటి ఎండ ఒకటి."

కొత్త డబ్బా తెచ్చి ఆఫీసు లోపల, నీడపట్టున బిగించాడు. పోతూ పోతూ అన్నాడు.

"పెద్ద ఆఫీసుల్లో రెండు లైన్లుంటాయి. ఒకటి పడిపోతే ఎవురూ చెప్పకుండానే రెండోది అందుకుంటాది. మీకుండేది ఒకటే. భద్రం."

మరుసటి రోజు ముత్తక్క కిటికీ చూసి కంగారు పడింది.

"ఆ దీపం ఏమైంది తల్లీ?"

"లోపల పెట్టినారవ్వా. ఇంక ఎర్రగా కాదంట."

"ఎప్పటికీ కాదా?"

"కాదులే."

"అయితే పాపకు ఇంక ఏం కాదు."

ముత్తక్క ఆ ఖాళీ కిటికీకి చేతులెత్తి మొక్కింది. గొర్రెలను అదిలించుకుని పోయింది.

మళ్లీ రాలేదు. నెట్ పోవడం మానేశాక ధనుశ్రీకి ఆమె గుర్తుకూ రాలేదు.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం, పాప ముందర బొరుగులు పోస్తూ నాగక్క అడిగింది.

"ఏం ధనూ, ఆ గొర్రెలామెను పంపడం మానేసినావా?"

"నేనెందుకు పంపుతా అత్తా? పాపకు జ్వరమొచ్చిన పొద్దు పంపింది నువ్వు కదా."

"నేనా? ఆయమ్మ ఎవురో నాకేం తెలుసు? నెట్ పోయినప్పుడంతా నువ్వే పంపుతాండావనుకుంటి. గొర్రెలను యాడ వదిలేసి వచ్చేదో, ఉరుక్కుంటా వచ్చేది. పాప నొసటి మీద చెయ్యి పెట్టి చూసేది. ఏం తింటాండాదని అడిగేది. మళ్లీ ఉరుక్కుంటా పోయేది."

ధనుశ్రీ పాప గుప్పిట్లోని బొరుగులు చూస్తూ నిలబడిపోయింది.

పొద్దున్నే గేటు దగ్గర శ్రీనివాసను అడిగింది.

"ఒంట్లో బాగలేక గొర్రెలు అమ్ముకునిందంటమ్మా. యా ఊరో ఎవురికీ తెలీదు. ఒకటి మాత్రం నాకు అర్థం కాలేదు. ఆయమ్మ సంచిలో నీళ్ల బాటిలు ఎప్పుడూ నిండుగానే ఉండేది."

చందన్‌కు తెలియలేదు కానీ, ఆ ఆఫీసుకు రెండో లైను ఉండేది.

పావగడ చుట్టుపక్కల ఏ ఊర్లోనైనా ముత్తక్క అనే ఆమె ఉంటే, ఒక్కసారి పోయి నొసటి మీద చెయ్యి పెట్టి చూసి రండి. చూడ్డానికి వచ్చామంటే మొహమాట పడుతుందేమో, రోంత నీళ్లు అడగండి.