ఎమర్జెన్సీ నంబర్

"ఎమర్జెన్సీ కాంటాక్ట్ శిల్ప ఎవరు?" దవాఖానలో నర్సు అడిగింది.

మంచం పక్కన నేనుండగానే నా తోడికోడలు "నేనే మేడం" అంది. మందుల చీటీ అందుకుని కిందికి పోయింది.

"గా మాటకు అర్థమేంది సుష్మితా?"

కట్టు కట్టిన కాలు సర్దుకుంటూ నా బిడ్డ చెప్పింది. "ఆపదొస్తే ముందుగాల ఎవరికి ఫోన్ చెయ్యాల్నో వాళ్లమ్మా. కాలేజీల చేరినప్పుడే చిన్నమ్మ నంబర్ ఇచ్చిన."

"కన్నది నేను. ఆపదకు ఆమె యాదికొచ్చిందా?"

"నీకు చేస్తే ఏమైతుండె? స్కూటీ మీదికెళ్లి పడ్డనని ఇనంగనే గాడ్నే కూలబడుతుంటివి. నిన్ను పట్టుకునేటోళ్లు ఉండాల్నని చిన్నమ్మ నంబరిచ్చిన."

పొద్దున పేరెంట్స్ మీటింగని చెప్పి శిల్ప నన్ను కోదాడలో బస్సెక్కించింది. సూర్యాపేట దాకా నా చెయ్యి వదల్లేదు. దవాఖాన గేటు ముందు ఫోన్లో బిడ్డ గొంతు వినిపించి, ఆ తర్వాతే కాలు విరిగిన సంగతి చెప్పింది.

శిల్ప మందులతో తిరిగొచ్చింది.

"గిట్ల కూసో చెల్లే" అని మంచం మీద చోటిచ్చాను, కాళ్ల దిక్కు.

బిడ్డ తల దగ్గర మాత్రం నేనే కూర్చున్నాను.