పల్చటి మునుం

జైపాల్ పటేల్ ఒరం గట్టు మీద నిలబడి, నాట్లు పడుతున్న మడి వంక చూసి ముఖం మాడ్చుకున్నాడు.

"శంకరమ్మా, నడిమి మునుం ఎవరిది? గంత పల్చగ నాటితే వడ్లు యేడికెళ్లి వస్తయి? వచ్చేసారి మిషన్ తెప్పిస్త. మీ గుంపు అక్కర లేదు."

శంకరమ్మ నాట్ల గుంపుకు మేస్త్రి. అత్వెల్లిలో ఆమె వెంట నాట్లకు వచ్చే ఆడవాళ్ళు పద్దెనిమిది మంది. వాళ్ళ పొయ్యిలు వెలిగేది ఈ మడుల మీదే.

ఒక్కొక్కరికి ఒక్కో మునుం, అంటే నాటుకుంటూ పోయే వరుస. నడిమిది కొత్తామెది. పేరు అల్మాస్. బర్మాలో ఇల్లు తగలబడితే పిల్లల్ని పట్టుకొని ఇంత దూరం వచ్చిందని, మేడ్చల్ రోడ్డు పక్క గుడారంలో ఉంటోందని చెప్పి, ట్రాక్టరు నసీరుద్దీన్ ఆ పొద్దునే తెచ్చి అప్పజెప్పాడు.

తెలుగు ఒక్క ముక్క రాదు.

శంకరమ్మ బురదలోకి దిగి చూసింది. అందరూ కుదురుకు ఐదారు నారు పోచలు పెడుతుంటే ఆమె రెండే పెడుతోంది. అదీ జానెడు ఎడంగా.

"గిదేం నాటుడే తల్లీ? పని జల్ది ఒడ్వాలని ఉపాయమా?"

అల్మాస్ వేళ్ళు ముడిచి, మెల్లగా విప్పి చూపించింది. ఎవరికీ అర్థం కాలేదు. పక్క మునుం వాళ్ళు నవ్వారు.

సద్దులు విప్పే వేళ కూడా కాకముందే శంకరమ్మ ఆమెను గట్టెక్కించింది. అల్మాస్ కాలువలో కాళ్ళు కడుక్కొని వెళ్ళిపోయింది.

ఆ మునుం మళ్ళీ నాటిద్దామంటే నారు అయిపోయింది.

నెలన్నరకు పటేల్ కబురు పంపాడు. శంకరమ్మ తిట్లకు సిద్ధపడే పోయింది.

నడిమి మునుంలో ఒక్కో కుదురు గంపలా విచ్చుకొని ఉంది. వంగి పిలకలు లెక్కపెట్టింది. పక్క మునుంలో పన్నెండు. ఇందులో పాతికకు తక్కువ లేవు.

"మిషన్ ముచ్చట ఇడిశిపెట్టిన. గామెను తోల్కొచ్చి నీ గుంపుకంత నేర్పియ్యి," అన్నాడు పటేల్.

శంకరమ్మ అటునుంచి అటే గుడారాల దగ్గరికి నడిచింది. గుంజలు పీకిన గుంతలే మిగిలాయి. ఇక్కడ పని దొరక్క, అల్మాస్ వాళ్ళు పది రోజుల కిందనే జమ్మూ దిక్కు పోయారని అటుగా వచ్చిన నసీరుద్దీన్ చెప్పాడు.



"వాళ్ళ ఊర్ల ఏం పని చేసేటిది భయ్యా?"

ఆ రోజే అడిగి ఉంటే చెప్పేవాణ్ణి అన్నట్టు చూశాడతను.

"నీ పనే అక్కా. నలభై మందికి మేస్త్రి. నాటరాని కొత్తామె ఎవరొచ్చినా, తన పక్క మునుంలనే నిలవెట్టుకొని నేర్పేదట."