తాళం తప్పిన గుర్రం

ఆట మధ్యలో గుర్రం తాళం తప్పింది.

పాట ఒక దారిన పోతోంది, గుర్రం ఒక దారిన పోతోంది. ముందు వరసలో ఎవరో ఈల వేశారు. గుడారమంతా గొల్లుమంది.

రింగు మధ్యలో బెత్తం పట్టుకుని నిలబడ్డ గుర్రాలమ్మకు తల కొట్టేసినట్టయింది.

తెర వెనక్కి రాగానే ఓనరు ఎదురొచ్చాడు.

"ఏమ్మా, సంగీతం తెలిసిన గుర్రమన్నావు?"

"పాటల పెట్టె కొత్త కదండీ. పాట మరీ ఉరుకుతోంది."

"ఆడలేక మద్దెల ఓడంటే ఇదే! వారం నుంచి ఒక్క ఆటైనా సరిగ్గా ఆడిందా? నవ్వించడానికి నాకు జోకర్లున్నారు, గుర్రమెందుకు? రేపటి ఆట కూడా ఇదే వరసైతే బండ్లాయనకు అమ్మేస్తా. రాళ్ల బండికి కడతాడట."

ఆమె గుర్రం మెడ చుట్టూ చెయ్యి వేసింది.

పాలు మరవని పిల్లగా దాన్ని సర్కస్‌కు తెచ్చింది వాళ్ల నాన్న. ఆయన పోయాక ఆమెకు మిగిలిన తోబుట్టువు అదొక్కటే. దాన్ని రాళ్ల బండికా?

అయినా పాటల పెట్టె పాపం ఓనరొక్కడిదే కాదు.

ఒకప్పుడు సర్కస్ ఊళ్లో దిగిందంటే ముందు బ్యాండు వీధులన్నీ తిరిగేది. బాకాలు, క్లారినెట్లు, వెనకాల పెద్ద డ్రమ్ము. ఏనుగులకు ఒక పాట, ఉయ్యాలలకు ఒక పాట. పైనుంచి ఎవరైనా జారిపడితే, జనం బెంబేలెత్తకుండా జోకర్లను రింగులోకి పిలిచే పాట ఇంకొకటి. ఏడాదికి ఒకరిద్దరు రాలిపోయి, ఆ బ్యాండు చివరికి గుప్పెడు మందికి వచ్చింది. వాళ్లలో పెద్ద డ్రమ్ము కొట్టేది తాత. ఆయన దెబ్బ పడితేనే మిగతావాళ్లు ఊదడం.

వాళ్లను కూడా పంపేద్దామనుకున్న రోజు ఓనరు ఆమెనే అడిగాడు.

"మిగతా ఆటలన్నిటికీ పెట్టె చాలు. నీ గుర్రం సంగతే అనుమానం. బ్యాండు లేకపోతే ఆడుతుందా?"

"పాట ఎవరు వాయిస్తేనేం అండీ? తాళం దాని రక్తంలోనే ఉంది," అంది ఆమె, మెడ నిక్కించి.

తాత అక్కడే ఉన్నాడు. అవుననలేదు, కాదనలేదు. గుర్రం మెడ ఒకసారి నిమిరి, డ్రమ్ము భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

గుర్రానికేదో నలత చేసిందనుకుని, ఓనరు బెదిరించిన మధ్యాహ్నమే ఆమె పశువుల డాక్టరును పిలిపించింది.

ఆయన పళ్లు చూశాడు. గిట్టలు ఎత్తి చూశాడు. తర్వాత వెనక్కి నడిచి, రేకు బకెట్టు మీద రాయితో ఠంగున కొట్టాడు.

పక్క పాకలో కుక్కలన్నీ మొరిగాయి. గుర్రం చెవి కూడా కదపలేదు.

"ఇది చెవిటిదమ్మా."

"అయ్యో కాదండీ! పక్కన ఏనుగు ఘీంకరించినా ఉలకదు. గుండె దిట్టం."

"దిట్టం గుండె కాదు, మొద్దు చెవులు. ఇవాళ్టి జబ్బు కాదు, చిన్నప్పటిదే. ఇన్నాళ్లూ మీరంతా కలిసి చెవిటి ముందు శంఖం ఊదారన్నమాట!"

"మరి బ్యాండున్నన్నాళ్లూ ఎలా ఆడింది బాబూ?"

డాక్టరు గడ్డం గోక్కున్నాడు. "డ్రమ్ము అదురు నేలలోంచి కాళ్లకు తెలిసేదేమో."

ఆమె ప్రాణం లేచొచ్చింది.

"ఓనరు చెవిన వెయ్యకండి బాబూ, మీకు పుణ్యముంటుంది," అని చెయ్యి పట్టుకుని మరీ బతిమాలి, చెప్పులు తొడుక్కుని పరుగు తీసింది.

తాత ఆ ఊళ్లోనే కూతురి దగ్గర ఉంటున్నాడని ఆమెకు తెలుసు. ఇస్త్రీ కొట్టు, వెనక ఒక గది. కూతురు బల్ల ముందు నిలబడి చొక్కాలు మడత పెడుతోంది. లోపల మూలన పెద్ద డ్రమ్ము, దాని మీద కప్పిన తుండు.

"సర్కస్ నుంచి వచ్చానమ్మా. తాత ఉన్నాడా?"

కూతురు చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

"మొన్న పోయాడక్కా. అన్నం తిని పడుకున్నాడు. లేవలేదు."

గుర్రాలమ్మ గడప మీదే కూలబడింది. మంచినీళ్లు ఇస్తే అందుకుంది. మూలనున్న డ్రమ్ము వంక చూసింది.

"చెల్లీ, ఆ డ్రమ్మైనా ఇవ్వు. నీ కాళ్లు పట్టుకుంటా. నేల అదిరేలా ఎవరిచేతనైనా కొట్టిస్తా. మా గుర్రం చెవిటిదట, ఇవాళే తెలిసింది. తాత కొట్టే అదురు పట్టుకునే ఇన్నాళ్లూ ఆడిందట. రేపు ఆడకపోతే దాన్ని అమ్మేస్తారు."

కూతురు ఆమె వంక జాలిగా చూసింది.

"తీసుకెళ్లక్కా. కానీ లాభం లేదు. దానికి ఏ అదురూ తెలీదు. నువ్వు బెత్తం ఆడించినట్టల్లా దాని నడక అది నడిచేది. నాన్నే దాని కాళ్లు చూస్తూ, గిట్ట నేలను తాకగానే దెబ్బ వేసేవాడు. బ్యాండంతా ఆ దెబ్బ వెంట పోయేది. చూసేవాళ్లకు గుర్రమే పాటకు ఆడినట్టుండేది."

గుర్రాలమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

"అంటే... చెవిటిదని తాతకు తెలుసా?"

"అది ఆటలోకి దిగిన ఏడే కనిపెట్టాడు."

"మరి ఆ రోజు ఓనరు ముందు ఒక్క మాట అంటే పని నిలిచేది కదమ్మా! నేనంత పొగరుగా వాగుతుంటే వింటూ నిలబడ్డాడే!"

"నేనూ అదే అని పోట్లాడాను," కూతురు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "'పెట్టెతో పడుతూ లేస్తూ ఎలాగో నెట్టుకొస్తుందేమో గానీ, చెవిటిదని నేను నోరు జారితే ఆ పూటే దాన్ని అమ్మేస్తారే పిచ్చిదానా, నోరున్నవాళ్లం మనం ఎక్కడైనా అడిగి బతకొచ్చులే' అన్నాడక్కా."