గడ్డమాయన, మీసాలాయన

"ఆ కింది మంచం మీద చెయ్యేస్తే మర్యాదుండది తమ్మీ!" పెద్దులు తన దుప్పటి తెచ్చి పరుపు మీద పడేశాడు.

"నీ పేరేమన్న రాసున్నదా అన్నా?" ఓంకార్ ఆ దుప్పటి మీదనే తన దిండు విసిరాడు.

ఒమన్ దేశం ఇబ్రిలో ఇళ్ళు కట్టే కంపెనీ వాళ్ళ రూమ్ అది. నిజాముద్దీన్ ఇండియా విమానం ఎక్కాడో లేదో, అతని మంచం కోసం పంచాయితీ మొదలైంది. పెద్దులుకు మోకాలు పట్టేసింది, పై మంచానికి నిచ్చెన ఎక్కడమంటే ప్రాణం పోయి వచ్చినంత పని. ఓంకార్‌కేమో పైన ఏసీ గాలి తగలదు, కన్ను మూతపడదు.

పిట్టపోరు పిల్లి తీర్చినట్టు మధ్యలోకి వీరబ్రహ్మం వచ్చాడు. రూమ్ మొత్తానికి నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాడు ఆయనే.

"కొట్లాటెందుకుర? నా ఫోన్ల అమెరికా ఎలక్షన్ వీడియో ఉన్నది. ఎప్పుడో తాతల ముత్తాతల నాటిది, గవర్నర్ కుర్చీ కోసం. సగం చూసిన. చెరొకన్ని పట్టుకోండ్రి. మిగిలింది శుక్రారం అందరం చూద్దాం. ఎవరి మనిషి గెలిస్తే వాళ్ళకు మంచం. ముందుగాల చూసినోనికి మంచం లేదు. అందాక నేనే ఎలక్షన్ ఆఫీసర్ని."

ఫోన్లో రెండు బొమ్మలు చూపించాడు. ఒకరికి కోరమీసాలు, ఇంకొకరికి రొమ్ము దాకా గడ్డం. ఇద్దరికీ ఎడమ కన్ను కాస్త మెల్ల.

"ఇద్దరివీ మెల్లకండ్లేందే?" అన్నాడు ఓంకార్.

"ఆ దేశం నీళ్ళు అసొంటియి," అన్నాడు ఆఫీసర్.

"ఈ గడ్డమాయన అచ్చం మా మేనమామ లెక్క ఉన్నడు. నాకు ఈయనే," అన్నాడు పెద్దులు. మీసాలాయన ఓంకార్ వంతుకు వచ్చాడు.

ఇక చూడండి సంబరం! పెద్దులు డ్యూటీ దిగివచ్చి, కుంటుకుంటూనే రూమందరికీ కోడికూర వండాడు. మర్నాడు ఓంకార్ మటన్ తెచ్చాడు. ఆఫీసర్ గారి పళ్ళెంలో రెండు పార్టీల ముక్కలూ పడ్డాయి. "గడ్డమాయన గెలిస్తే నీకు బోనం చేస్త" అని పెద్దులు కొమురెల్లి మల్లన్నకు మొక్కుకున్నాడు.

"ఎప్పుడో పడ్డ ఓట్లకు ఇప్పుడు కూరలేందిర?" అన్నాడొకడు, బొక్క చీకుతూనే.

"ఎలక్షన్ అన్నంక కూర ఉండాలె," అన్నాడు ఓంకార్. అయిపోయిన పెళ్ళికి మేళం అంటే ఇదే.

శుక్రవారం వచ్చింది. ఒక ఫోన్ చుట్టూ రూమంతా మూగింది. అందులో ఇంగ్లీషు గడగడా దొర్లిపోతోంది, వీళ్ళ అరుపుల్లో ఒక్క ముక్కా వినబడితే ఒట్టు. చివరికి జెండాలూ, జనమూ, కుర్చీలో గడ్డమాయనా కనబడ్డారు.

"గడ్డమాయన గెలిచిండు!" ఆఫీసర్ తీర్పు చెప్పేశాడు.

పెద్దులుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మోకాలు మెల్లగా ఎత్తి కింది మంచం మీద పెట్టి, అమ్మయ్య అని వెల్లకిలా పడుకున్నాడు. "గడ్డమాయన జిందాబాద్!" రేకుల కప్పు అదిరిపోయింది.

తలుపు ధడాలున తెరుచుకుంది. క్యాంపు చూసుకునే ఫహద్! "క్యా హై? హర్తాల్ కర్తా?"

అందరికీ పై ప్రాణాలు పైనే పోయాయి. సమ్మె అని పేరు పడితే ఇంకేమన్నా ఉందా? మంచం మాట అటుంచి, రేపే ఇంటికి పంపిస్తారు.

"హర్తాల్ నై సాబ్, ఎలక్షన్," పెద్దులు పడుకునే చేతులు జోడించాడు. "అమెరికా గవర్నర్. దాఢీవాలా జీత్ గయా."

"హారా కౌన్?" ఓడిందెవరని అడిగాడు ఫహద్.

ఓంకార్ తల దించుకున్నాడు. "మూఛ్‌వాలా, సాబ్."

ఫహద్‌కు ఇంగ్లీషు బాగా వచ్చు. ఫోన్ లాక్కుని, అందరినీ నోరు మూయమని, మొదటినుంచీ విన్నాడు. వింటూ వింటూ పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"అరే పాగల్! దోనో ఏక్ హీ ఆద్మీ!"

ఇద్దరూ ఒక్కడేనట. మొదటిసారి మీసాలతో నిలబడి ఓడిపోయాడట. మళ్ళీసారి గడ్డం పెంచి నిలబడి గెలిచాడట. పోటీకి నిలబడ్డ ఎదుటివాడి బొమ్మ ఎక్కడా దొరకనే లేదట, అందుకే వీడియోలో రెండు బొమ్మలూ ఈయనవే.

ఓంకార్ పై మంచం మీది తన దిండు తీసుకొచ్చి, పెద్దులు తల పక్కనే పెట్టాడు.

"జరుగన్నా, మనోడు గెలిచిండు."