ఎక్కడివక్కడే

"పాతదాంట్లో ఏది ఎక్కడుందో, కొత్త కంప్యూటర్లోనూ అక్కడే ఉండాలమ్మా," అంటూ బస్సు డ్రైవరు పొద్దుట్నుంచీ కూతురి ప్రాణం తోడేస్తున్నాడు.

"అన్నీ ఎక్కించేశాను నాన్నా. కూర్చుని చూసుకో."

పాటల ఫోల్డరొక్కటే ఎడమ మూలనుంచి కుడివైపుకు మారింది. అదేమంత విశేషమని ఆమె చెప్పలేదు.

డ్యూటీకి వెళ్లేముందు ఒక పాట వినడం ఆయనకు అలవాటు. బాణం గుర్తును ఎడమ మూలకంటా తోసి రెండుసార్లు నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

"కొత్తదప్పుడే మొరాయిస్తోందే!"

ఖాళీ తెరమీద, అరచేయంత పెద్దగా, కుడివైపు ఫోల్డరు కొట్టొచ్చినట్టు కనబడుతోంది. కూతురు ఆ ఫోల్డరువైపూ, ఆయన కళ్లవైపూ చూసింది.

"నాన్నా, తెరమీద నీకేం కనిపిస్తోంది?"

ఆయన చెయ్యి మౌసుమీదే ఆగిపోయింది.

"పొగమంచు," అన్నాడు.

"మరి పోయిన నెల కంటి పరీక్ష పాసయ్యావుగా?"

"ఆ బోర్డుమీద ఎప్పుడూ అవే అక్షరాలు. నాకు నోటికొచ్చు. బస్సు రూటూ అంతే."

"వెనకాల బస్సు నిండా జనం నాన్నా!"

"ఈ ఏడాదితో నీ చదువు గట్టెక్కుతుంది. అప్పటిదాకా నోరు మెదపకు."

ఆయన లేచి యూనిఫారం చొక్కా తొడుక్కున్నాడు. ఒక గుండీ తప్పి ఇంకో కాజాలో పడింది. ఆమె దగ్గరికెళ్లి, గుండీలన్నీ విప్పి మళ్లీ పెట్టింది. తర్వాత ఫోను తీసి, ఆయన ఎదురుగానే నిలబడి డిపో నంబరు నొక్కింది.

"పాట పెడుతున్నావా తల్లీ?" అన్నాడాయన.