గడపకు వేపమండలు

“జర ఆగు నాయినా. గడప దాటకు.”

బాలనర్సయ్య ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది. తెల్లాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా బండల మీద పడి నడిచొచ్చాడు. మనవడి కోసం తలపాగాలో చుట్టుకొచ్చిన మక్కకంకులు ఆ ఎండకు పేలాలైపోయాయంటే నమ్మాలి మరి. ఆయన మామూలుగా పిలిచినా కొత్తగూడలో మేకలు తాళ్లు తెంపుకునేవట. అంతటి గొంతూ తలుపుకు కట్టిన వేపమండలు చూసి గుసగుసకు దిగింది.

తట్టు పోసిన ఇంటికే ఆ మండలు కడతారు. ఇక బయటివాళ్లెవరూ లోపలికి రాకూడదు. అమ్మవారు దిగిపోయేదాకా ఆ ఇంట్లో తాలింపు చిటపటమనకూడదు.

“పెంటిగానికా, బిడ్డా?” అన్నాడు.

కూతురు కిష్టమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

ఆమె పెద్దకొడుకు మొగిలిని తట్టే ఎత్తుకుపోయింది. పొక్కులు కనబడకముందే దగ్గుతో అంటుకుంటుందని అప్పుడు దవాఖానలో డాక్టరమ్మ ఏదో చెప్పింది గానీ, దగ్గుకూ అమ్మవారికీ ఏం సంబంధమని బాలనర్సయ్య చెవిన పెట్టలేదు. తర్వాత పుట్టినవాడన్నా దక్కాలని పెంటకుప్ప మీద పొర్లించి పెంటయ్య అని పేరు పెట్టింది ఆయనే.

అరుగు మీద కూలబడ్డాడు. దవాఖానకు ఎత్తుకుపోదామన్నాడు. వద్దంది. ఒక్కసారి మొహం చూసిపోతానన్నాడు. మీ వాడలో ఎట్లున్నదని ఎదురడిగింది. పిల్లలందరికీ జ్వరాలే, నిన్న పొద్దంతా వాళ్లను ఎత్తుకునే తిరిగానన్నాడు. అయితే అసలే వద్దంది.

అంతలో పక్కింటి బుచ్చమ్మ మనవరాలిని చంకనేసుకుని నిప్పు కోసం వచ్చింది. పిల్ల ముక్కు కారుతోంది. కళ్లు మోదుగుపూలలా ఎర్రబడ్డాయి. ఖళ్లుఖళ్లున దగ్గుతోంది. మండలు చూడగానే బుచ్చమ్మ లెంపలేసుకుని వచ్చిన దారినే పోయింది. ఆమె తన ఇంటి గుమ్మం ఎక్కేదాకా కిష్టమ్మ కదలకుండా చూసింది.

“పోయినసారి మండలు కట్టుడు ఆలస్యమైంది నాయినా. ముందుగల్లనే కడితే మొగిలిగాడు బతికెటోడు.”

“ఆ తల్లికి కోపమొచ్చింది బిడ్డా. వీణ్ణి దక్కనిస్తే బోనమెత్తుత.”

ఆకలి మీదున్నావు, ఇంత తిని పొమ్మని కిష్టమ్మ లోపలికి పోయింది. ఆయన కళ్లు మూసుకుని మొక్కుతున్నాడు. తాలింపు లేని పప్పు తండ్రి గొంతు దిగదని ఆమెకు తెలుసు. పొయ్యి దగ్గర చెయ్యి దాని అలవాటు అది మరవలేదు. చిటపటమంది. ఎల్లిపాయ వాసన గుప్పున అరుగు దాకా వచ్చింది.

బాలనర్సయ్య దిగ్గున లేచాడు.

“ఏందే గిది? అమ్మవారు ఇంట్లుండంగ తాలింపా? ఉన్న ఒక్కణ్ణి చంపుకుంటవా?”

కిష్టమ్మ గరిటెతోనే ఉరికొచ్చి ఆయన నోరు మూసింది. బుచ్చమ్మ గుమ్మం వైపు ఒకసారి చూసి, చెవిలో చెప్పింది.

“పెంటిగానికి తట్టు రాలే నాయినా, రావొద్దనే కట్టిన.”